టీడీఎస్ మీటరుకు కనిపించనివి

జనగామ వైపు మా ఊళ్లో ఎవరైనా కొత్త బావి తవ్వారంటే మా నానమ్మ ఒక బిందెడు నీళ్లు తెప్పించి, ఆ నీళ్లతో కందిపప్పు పొయ్యి మీద పెట్టేది. పప్పు మెత్తగా ఉడికితే అవి మంచినీళ్లు. ఎంతసేపు కాగినా గింజ గింజగానే మిగిలితే ఆ నీళ్లు బట్టలకు, పశువులకు. ఊళ్లో పది బావులున్నా మంచినీళ్ల బావులు ఒకటో రెండో ఉండేవి. అవేవో తేల్చింది ఇలాంటి పప్పు గిన్నెలే.

ఆ పరీక్ష వెనుక శాస్త్రం ఉంది. నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే అది కఠిన జలం. పప్పుగింజలోని కణాలను ఒకదానికొకటి అతికి ఉంచే పదార్థం పెక్టిన్. మామూలు నీటిలో కాగినప్పుడు ఆ అతుకు కరిగి గింజ విచ్చుకుంటుంది. కఠిన జలంలోని కాల్షియం ఆ పెక్టిన్‌ను పట్టుకుని ఇంకా బిగిస్తుంది. అందుకే పప్పు ఉడకదు. నానమ్మ కొలిచింది నీటి కాఠిన్యాన్ని, అదీ చాలా కచ్చితంగా. కాకపోతే తాను నీటి మంచిచెడులన్నీ కొలిచేశానని అనుకుంది.

ఇప్పుడు పప్పు గిన్నె స్థానంలోకి పెన్ను ఆకారంలో ఉండే చిన్న మీటరు వచ్చింది. హనుమకొండలో మాకు నీళ్ల క్యాన్లు వేసే ప్లాంటుకు ఒకసారి వెళ్లాను. యజమాని గ్లాసులో బోరు నీళ్లు పట్టి మీటరు ముంచాడు. 960 చూపించింది. అదే మీటరును ఫిల్టరు నీళ్లలో ముంచి నా ముందు పెట్టాడు. "చూడండి సార్, 42! ఇంతకంటే ప్యూర్ ఎక్కడా దొరకదు." ఆ మాట అతను నమ్మే అంటున్నాడు. క్యాన్లు కొనే మాలో చాలామందిమి కూడా అలాగే నమ్ముతున్నాం.

ఆ 42 ఏమిటో చూద్దాం. టీడీఎస్ అంటే నీటిలో కరిగి ఉన్న పదార్థాల మొత్తం, లీటరుకు మిల్లీగ్రాముల్లో. మీటరు నేరుగా వాటిని లెక్కించదు. నీటిలోకి చిన్నపాటి విద్యుత్తు పంపి, అది ఎంత తేలిగ్గా ప్రవహించిందో చూసి, దాన్నిబట్టి లవణాలు ఎన్ని ఉండవచ్చో అంచనా కట్టి చూపుతుంది. కాబట్టి విద్యుత్తును మోసే లవణాలు మాత్రమే దానికి తెలుస్తాయి. వాటిలో ఏది ఎంతో తెలియదు. 960లో మూడు మిల్లీగ్రాములు ఫ్లోరైడ్ ఉన్నా, అసలు లేకపోయినా అంకె ఒకేలా ఉంటుంది. ఇక సూక్ష్మజీవుల సంగతి దానికి అసలే తెలియదు. కామెర్లు తెచ్చే వైరస్‌లు, టైఫాయిడ్ బాక్టీరియా కోట్లలో ఉన్నా మీటరు అదే 42 చూపిస్తుంది.

భారతీయ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 (2012) తెరిచి చూస్తే టీడీఎస్ అన్నది పెద్ద పట్టికలో ఒక్క వరుస మాత్రమే. దానికి కోరదగిన పరిమితి 500, వేరే ఆధారం లేనప్పుడు 2000 వరకు అనుమతి ఉంది. అంటే ప్రమాణం కూడా ఈ అంకె విషయంలో నాలుగింతల సడలింపు ఇచ్చింది. ఎందుకంటే టీడీఎస్ ఎక్కువైతే మొదట దెబ్బతినేది రుచి. ఫ్లోరైడ్‌కు అంత ఉదారత లేదు: 1, గత్యంతరం లేకపోతే 1.5. నైట్రేట్‌కు 45, దానికి సడలింపే లేదు. మలం ద్వారా నీటిలో చేరే ఇ.కోలై బాక్టీరియా అయితే 100 మిల్లీలీటర్ల నీటిలో ఒక్కటి కూడా కనిపించకూడదు. ఏది ఎంత ప్రమాదమో ఆ పట్టికే చెబుతోంది. మనం మాత్రం వీటన్నిటిలో తక్కువ ప్రమాదకరమైన వరుసను పట్టుకుని నీళ్లు కొంటున్నాం.

ఓరుగల్లు రాయి, ఆ రాతిలోని నీరు

ఓరుగల్లు అంటే ఒంటి రాయి. ఏకశిలా నగరం అన్న పేరు కూడా ఆ రాతి నుంచి వచ్చిందే. నగరానికి పేరిచ్చిన ఈ గ్రానైటే ఇక్కడి భూగర్భ జలానికి గుణాన్నీ దోషాన్నీ ఇస్తోంది. గ్రానైట్‌లో అభ్రకం జాతి బయోటైట్, అపటైట్, ఫ్లోరైట్ వంటి ఖనిజాలుంటాయి. వాటిలో ఫ్లోరిన్ ఉంటుంది. రాతి పగుళ్లలో నీరు ఏళ్ల తరబడి నిలిచి ఉన్నకొద్దీ ఆ ఫ్లోరిన్ కొద్దికొద్దిగా నీటిలోకి దిగుతుంది. వాన పడితే నిండే పాత దిగుడు బావిలో నీరు అంతకాలం నిలవదు. వందల అడుగుల లోతుకు దిగిన బోరు తోడేది మాత్రం రాతితో చాలాకాలం సహవాసం చేసిన నీరు. బావుల నుంచి బోర్లకు మారినప్పుడు ఊళ్లకు నీటి కష్టం కొంత తీరింది కానీ చాలాచోట్ల ఫ్లోరైడ్ మోతాదు పెరిగింది.

ఇక్కడే నానమ్మ పరీక్ష మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. కాల్షియం, ఫ్లోరైడ్ ఒకచోట చేరితే రెండూ కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా మారి కరగకుండా అడుక్కు చేరతాయి. అందువల్ల కాల్షియం దండిగా ఉన్న నీటిలో ఫ్లోరైడ్ ఒక హద్దు దాటి పెరగలేదు. కాల్షియం తక్కువగా, సోడియం బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న నీటిలో దానికి అడ్డు ఉండదు. అంటే నాలుకకు మృదువుగా తగిలి, పప్పు వెన్నలా ఉడికే నీటిలోనే తరచుగా ఫ్లోరైడ్ ఎక్కువ ఉంటుంది. మా ఊళ్లో పప్పు బాగా ఉడికే బోరు నీళ్లు తాగి పెరిగిన మా ఈడు వాళ్ల పళ్ల మీద గోధుమ రంగు చారలు నేను రోజూ చూస్తూ పెరిగాను. పన్ను చిగురులో తయారవుతున్న చిన్నతనంలోనే ఆ మచ్చ పడుతుంది. తర్వాత ఎంత తోమినా పోదు. మోతాదు ఇంకా ఎక్కువై, ఏళ్ల తరబడి సాగితే ఎముకలు గట్టిపడి మెడ, వెన్ను, మోకాళ్లు వంగడం మానేస్తాయి. నల్లగొండ జిల్లా మనకు ఈ వ్యాధిని చూపించింది. దానికి విరుగుడుగా నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) పటిక, సున్నం వాడి ఫ్లోరైడ్‌ను దించే పద్ధతిని రూపొందిస్తే దానికి నల్లగొండ పేరే స్థిరపడింది. అయితే రోజూ పటిక మోతాదు సరిచూసుకోవాలి, అడుగున చేరిన మడ్డిని ఎక్కడో పారబోయాలి. ఊళ్లలో ఆ పని ఎక్కువకాలం సాగలేదు.

మరో మాట. నీళ్లు కాచి తాగితే ఏ దోషమైనా పోతుందన్న నమ్మకం మనలో బలంగా ఉంది. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి, అది నిజం. ఫ్లోరైడ్, నైట్రేట్ మాత్రం ఆవిరి కావు. నీరు కొంత ఆవిరైపోగా మిగిలిన నీటిలో వాటి సాంద్రత ఇంకాస్త పెరుగుతుంది. పశువుల కొట్టం పక్కనో, సెప్టిక్ ట్యాంకు పక్కనో ఉన్న బోరు నీటిలో నైట్రేట్ ఉంటే, ఆ నీళ్లు కాచి పాలపొడి కలిపి పసిబిడ్డకు పట్టడం ప్రమాదం. నైట్రేట్ బిడ్డ రక్తంలో ఆక్సిజన్‌ను మోసే శక్తిని తగ్గిస్తుంది.

కాపలా లేని నీళ్లు

ఆర్వో యంత్రం ఫ్లోరైడ్ ఊళ్లకు నిజంగా మేలు చేసింది. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. అతి సన్నని పొర గుండా నీటిని ఒత్తిడితో నెడితే లవణాల్లో తొంభై శాతానికి పైగా వెనకే ఆగిపోతాయి, వాటితో పాటే ఫ్లోరైడ్ కూడా. వరంగల్ కేంద్రంగా పనిచేసే బాల వికాస సంస్థ ఊరి వాళ్ల చేతనే కమిటీ వేయించి, వాళ్ల వాటా కూడా పెట్టించి, పల్లెల్లో ఇలాంటి ప్లాంట్లు నిలబెట్టింది. కార్డు పెట్టి నీళ్లు పట్టుకునే పద్ధతి మన జిల్లాల్లో చాలామందికి అలా పరిచయమైంది. కమిటీ లెక్కలు చూసుకునే ఊళ్లో పొరలు సమయానికి మారతాయి. చూసుకోని ఊళ్లో పాతబడిన పొర గుండా ఫ్లోరైడ్ మళ్లీ జారుతుంది. టీడీఎస్ మీటరు అసలు పని ఇక్కడుంది: లోపలికి వెళ్లే నీటికి, బయటికి వచ్చే నీటికి తేడా తగ్గుతూ వస్తోందంటే పొర దెబ్బతిందని అర్థం. అది యంత్రం ఆరోగ్యాన్ని చెప్పే పరికరం. దాన్ని నీటి ఆరోగ్యానికి వాడుతున్నాం.

అయితే ఆర్వో ప్లాంటులో మరొకటి జరుగుతుంది, దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. క్లోరిన్ తగిలితే ఆ పొర పాడవుతుంది. అందుకని నీటిని ముందుగా బొగ్గు ఫిల్టరు గుండా పంపి క్లోరిన్ ఉంటే తీసేస్తారు. ఆర్వో తర్వాత అతినీలలోహిత కిరణాలు పట్టిస్తారు, కొన్నిచోట్ల ఓజోన్ కలుపుతారు. కిరణాలు ఆ దీపం దగ్గర ఉన్న క్రిములను చంపుతాయి కానీ నీటిలో ఏమీ మిగల్చవు. ఓజోన్ కూడా ఎక్కువసేపు నిలవదు. కాబట్టి గొట్టం నుంచి క్యాన్‌లోకి పడే నీరు ఆ క్షణంలో శుభ్రమే, కానీ ఆ తర్వాత దానికి కాపలా లేదు. క్యాన్ గోడకు, మూతకు, ఎత్తిన చేతికి, మన ఇంటి డిస్పెన్సర్‌కు ఏది అంటి ఉంటే అది ఆ నీటిలో చేరి, ఎండలో వెచ్చబడి, అడ్డం లేకుండా పెరుగుతుంది.

ఆ ప్లాంటు వెనుక వైపున నేను చూసింది ఇది. ఒక కుర్రాడు ఖాళీ క్యాన్లు వరసగా పెట్టుకుని, ఒక్కోదానిలో జగ్గుడు బోరు నీళ్లు పోసి, రెండుసార్లు ఊపి, ఒంపేస్తున్నాడు. క్యాన్‌కు పది క్షణాలు. మూతలు పక్కన గోనెసంచిలో ఉన్నాయి. ఒకటి జారి తడినేల మీద పడితే తీసి, ప్యాంటుకు తుడిచి, బిగించాడు. ఆ కుర్రాడిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు. సూర్యుడు నెత్తికెక్కేలోపు రెండు ఆటోల క్యాన్లు నింపి పంపాలి అతను. ఖాళీ క్యాన్ ఒకటి తీసుకుని లోపల వేలుపెట్టి మెడ కింద రాశాను. జారుడుగా తగిలింది. ఆ జిగట బాక్టీరియా కట్టుకున్న పొర. ఊపి పారబోసిన నీళ్లకు అది ఊడదు. గట్టిగా రుద్ది, క్లోరిన్ ద్రావణం కాసేపు నిలిపితేనే వదులుతుంది. వెలుతురు తగిలే చోట పెట్టిన క్యాన్లో లేత పచ్చదనం కనబడితే అది పాచి, దాని సంగతి చెప్పనక్కర్లేదు.

ఆ వర్షాకాలంలో మా అపార్టుమెంటులో నలుగురు పిల్లలకు వరసగా వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అందరూ నల్లా నీళ్లనే అనుమానించారు. నేను హైడ్రోజన్ సల్ఫైడ్ పరీక్ష సీసాలు తెప్పించాను. చిన్న సీసా, లోపల మందు ఉంటుంది. గీత దాకా నీళ్లు నింపి వెచ్చటి చోట ఒకటి రెండు రోజులు ఉంచాలి. మలం ద్వారా చేరే రకం బాక్టీరియా ఉంటే నీరు నల్లబడుతుంది. జల్ జీవన్ మిషన్‌లో ఊరికి ఐదుగురు మహిళలకు నేర్పిస్తున్న పరీక్షల్లో ఇలాంటివే ఉంటాయి. నాలుగు సీసాలు నింపాను: పొద్దున్నే వచ్చిన నల్లా నీళ్లు, అప్పుడే మూత తీసిన క్యాన్ నీళ్లు, మూడు రోజులుగా మా డిస్పెన్సర్ మీద కూర్చున్న క్యాన్ నీళ్లు, కాచి చల్లార్చినవి. మరుసటి రోజు సాయంత్రానికి మూడో సీసా కాటుక రంగులోకి తిరిగింది. మిగిలిన మూడూ తేటగానే ఉన్నాయి. డిస్పెన్సర్ విప్పి చూస్తే కొళాయి లోపల కూడా అదే జిగట. కొన్నప్పటి నుంచి మేము దాన్ని ఒక్కసారి కూడా కడగలేదు. ఈ పరీక్ష అనుమానాన్ని చెబుతుందే తప్ప తీర్పు చెప్పదు కాబట్టి నమూనాను ప్రయోగశాలకు కూడా పంపాను. అక్కడా ఆ నీటిలో ఇ.కోలై కనిపించింది. నాలుగిళ్లలో పిల్లలు పడిన బాధకు కారణం అదేనని నేను రుజువు చేయలేను. కానీ మేము అనుమానించిన నీళ్లు వేరు, నల్లబడిన నీళ్లు వేరు.

నల్లా మీద చిన్నచూపు

నల్లా నీళ్ల మీద మనకున్న ఫిర్యాదు మందు వాసన. ఆ వాసన క్లోరిన్‌ది. నల్లా చివర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రమాణం చెబుతుంది, దారిలో ఏదైనా చొరబడితే చంపడానికి. వాసన రాని నల్లా నీటిని చూసి నేను ఎక్కువ భయపడతాను. పైగా ఇది నది నీరు. శ్రీరాంసాగర్ నుంచి వచ్చే కాకతీయ కాలువ దిగువ మానేరు దాటి మన వైపు వస్తుంది. ధర్మసాగర్, వడ్డేపల్లి చెరువుల్లో నిల్వ చేసి, ఫిల్టర్ బెడ్లలో శుభ్రం చేసి నగరానికి ఇస్తారు. పల్లెలకు మిషన్ భగీరథ గోదావరి, కృష్ణా నీటిని తెచ్చింది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రధాని చేతుల మీదుగా మొదలైన పథకం అది. నది నీరు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచినది కాదు కనుక ఫ్లోరైడ్ బెడద అందులో సాధారణంగా ఉండదు, టీడీఎస్ కూడా మామూలుగా 500 లోపే ఉంటుంది. అలాంటి చోట ఇంట్లో ఆర్వో పెట్టి, ఒక బిందె నీటి కోసం రెండు మూడు బిందెలు మోరీలో పారబోయడం నాకు బాధ కలిగిస్తుంది. 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ సరిగ్గా ఈ కారణంతోనే 500 లోపున్న చోట్ల ఆర్వోలను నిషేధించేలా నిబంధనలు తెమ్మని కేంద్రానికి చెప్పింది.

నల్లా నీటి అసలు ప్రమాదం శుద్ధి కేంద్రంలో కాదు, గొట్టంలో ఉంది. నీరు రోజంతా రాదు. వదిలిన ఆ కొద్దిసేపు తప్ప మిగిలిన వేళంతా గొట్టం ఖాళీ. పగుళ్లున్న చోట పక్కనున్న మోరీ నీరు లోపలికి ఇంకుతుంది. దానికి తోడు చాలా ఇళ్లలో నల్లాకే నేరుగా మోటారు బిగిస్తారు. మోటారు లాగినప్పుడు గొట్టంలో పీల్చే బలం పుట్టి, పగులు ఎక్కడుంటే అక్కడి మురుగును కూడా లాగుతుంది. పక్కింటి వాళ్లకు నీళ్లు తగ్గుతాయన్నది చిన్న నష్టం. వీధి మొత్తానికి మురుగు పంచడం పెద్ద నష్టం. మొదట వచ్చే రంగు నీళ్లు వదిలేయడం, సంపును ఏడాదికి రెండుసార్లు కడగడం, వానాకాలంలో కాచి తాగడం, ఇవి చేస్తే నగరంలో చాలా ఇళ్లకు నల్లా నీళ్లు చాలు. చింతపండుతో తోమిన రాగి బిందెలో రాత్రంతా నిల్వ ఉంచినా క్రిములు బాగా తగ్గుతాయని పరిశోధనలున్నాయి. అయితే గంటల సమయం పడుతుంది, పైగా ఫ్లోరైడ్‌ను రాగి ఏమీ చేయలేదు.

ఇక సీలు వేసిన సీసా సంగతి. మనం మినరల్ వాటర్ అని అడిగి కొనేది చాలా వరకు ఖనిజాలు తీసేసిన నీళ్లు. ఊటల నుంచి ఖనిజాలతో సహా పట్టిన నీటికి ఐఎస్ 13428 అనే వేరే ప్రమాణం ఉంది. దుకాణంలో దొరికే మామూలు సీసా, లేబులున్న క్యాన్ ఐఎస్ 14543 కిందికి వస్తాయి. దీనికి టీడీఎస్ కనీసం 75 ఉండాలన్న నిబంధన కూడా ఉంది. 42 అని మురిసిపోయిన మా ప్లాంటు యజమానికి ఈ సంగతి చెబితే చాలాసేపు నమ్మలేదు. ఈ నీటికి ఐఎస్ఐ ముద్ర చాలాకాలం తప్పనిసరిగా ఉండేది. 2024 అక్టోబరులో ఆ నిబంధన తీసేశారు. ఆ ఏడాది చివర్లోనే ఆహార భద్రతా సంస్థ ప్యాకేజ్డ్ నీటిని అధిక ప్రమాద ఆహారాల జాబితాలో చేర్చి, ఏటా తనిఖీ ఉండాలంది. కాబట్టి ఇప్పుడు మనం చూడాల్సింది ఆ సంస్థ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, తయారీ తేదీ. ఇవేవీ లేని క్యాన్ తాగి జబ్బు చేస్తే బాధ్యులెవరో తేల్చడానికి ఆధారమే ఉండదు.

సీసా ప్లాస్టిక్ గురించి కూడా అడుగుతున్నారు. 2024 జనవరిలో కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు లీటరు సీసా నీటిలో సగటున సుమారు 2,40,000 ప్లాస్టిక్ రేణువులు లెక్కించారు, వాటిలో తొంభై శాతం అతి సూక్ష్మమైనవి. వాటి వల్ల శరీరానికి ఎంత హాని అన్నది శాస్త్రం ఇంకా తేల్చలేదు. తేలేదాకా మన చేతిలో ఉన్నది మన ఎండల్లో దుకాణం ముందు మగ్గిన సీసాలు కొనకపోవడం, తాగేసిన సీసాను నెలల తరబడి మళ్లీ నింపకపోవడం.

డిస్పెన్సర్‌ను మేము తీసేశాం. మూత, కొళాయి ఉన్న స్టీలు డ్రమ్ము పెట్టి వారానికోసారి రుద్ది కడుగుతున్నాం, గ్లాసుతో ముంచడం మానేశాం. అపార్టుమెంటు వాళ్లం కలిసి వెళ్లి అడిగితే ప్లాంటు యజమాని బ్రష్షు యంత్రం, క్లోరిన్ తొట్టి పెట్టించాడు. క్యాన్‌కు రెండు రూపాయలు పెంచాడు, ఎవరూ కాదనలేదు.

పోయిన సంక్రాంతికి ఊరికి వెళ్లినప్పుడు అక్కడి ప్లాంటు గోడ చూశాను. "టీడీఎస్ 60" అని పెద్ద అక్షరాలతో రంగు వేసి ఉంది. ఫ్లోరైడ్ ఎంత అని నడిపే అబ్బాయిని అడిగాను. "పోయినసారి పరీక్ష చేసినప్పుడు తక్కువే వచ్చిందన్నారు బాబాయ్" అన్నాడు. పోయినసారి అంటే ఎప్పుడో అతనికి తెలియదు. బోరు నీళ్లు ఒక సీసాలో, ఫిల్టరు నీళ్లు మరో సీసాలో పట్టుకుని వచ్చి పరీక్ష చేయించాను. బోరులో 2.6, ఫిల్టరులో 0.3. కాగితం పంపాను. ఇప్పుడు ఆ గోడ మీద టీడీఎస్ కింద ఫ్లోరైడ్ అని మరో వరుస ఉంది, అంకె పక్కన పరీక్ష చేసిన తేదీ ఉంది. తేదీని సుద్దముక్కతో రాయమన్నాను, మళ్లీ చేయించినప్పుడు తుడిచి రాయడానికి.